ఉప్పుగాలికి తినేసిన బ్రేక్ పైపులు, సూట్‌కేసులో వచ్చిన రాగి-నికెల్ చుట్ట: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త కారు ఉన్నవాళ్లకి కాదు. పదిహేనేళ్లు దాటిన బండిని అమ్మడానికి మనసొప్పక, సముద్రం పక్కనే ఉంటూ, దాన్నే తిప్పుతున్న నాలాంటి వాళ్లకి. నాది 2004 మారుతి జెన్. ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రానికి అర కిలోమీటరు కూడా ఉండదు. ఇక్కడ కిటికీ ఊచలకి రెండేళ్లకోసారి రంగు కొట్టకపోతే పొరలు పొరలుగా ఊడిపోతాయి, ఏసీ బయటి పెట్టె అయిదేళ్లు ఆగితే అదృష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ బండి ఆరుబయటే ఉంది, రోజంతా ఉప్పునీటి తుంపర్లలో నానింది. తర్వాత కరెంటు లేక, కుళాయి రాక మనుషులే బకెట్లు పట్టుకుని తిరిగారు, ఇంక కారు అడుగు కడిగేదెవరు! ఇన్నేళ్లలో ఒక్కసారైనా వంగి దాని కింద ఏముందో చూసిన పాపాన పోలేదు నేను.

మొదట హ్యాండ్‌బ్రేక్ దింపినా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరలేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీతకి దిగిపోయి ఉంది. నేనేం చేశానంటే ఆయిల్ పోసి లైటు ఆర్పేశాను. మూడు వారాలకి మళ్లీ వెలిగింది, మళ్లీ పోశాను. బ్రేక్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా కాలి తగ్గేది కాదు. ప్యాడ్లు అరిగే కొద్దీ డబ్బాలో మట్టం నెమ్మదిగా, నెలల మీద దిగుతుంది, అంతే. నెలకి రెండుసార్లు పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఇది తెలియక కాదు, తెలిసీ బద్ధకించాను.

మూడోసారి సింహాచలం కొండ దిగుతుంటే వెలిగింది. వంపు దగ్గర బ్రేక్ నొక్కితే పెడల్ బురదలో కాలు పెట్టినట్టు జారిపోయి, అడుగున ఎక్కడో కాస్త పట్టింది. రెండో గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ కొండ కిందకి దించాను. వెనక సీట్లో అమ్మ ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని అప్పన్నని తలుచుకుంటూనే ఉంది, నాకు మాత్రం ఒళ్లంతా చెమట. కార్లలో బ్రేకులు రెండు సర్క్యూట్లుగా, అంటే వేర్వేరు ఆయిల్ దారులుగా విడగొట్టి ఉంటాయి కాబట్టి ఒకటి ఖాళీ అయినా రెండోది కాస్త పట్టుకుంది. అలా కాకపోతే ఈ రివ్యూ రాసేవాణ్ని కాదు.

మర్నాడు టో చేయించుకుని మొదట దగ్గర్లో ఉన్న ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పేరెందుకు గానీ, అతను పెడల్ నుంచి చక్రాలకి ఆయిల్ తీసుకెళ్లే బ్రేక్ పైపు కారుతోందని చూడగానే "ఫ్రిజ్ పైపు వేసేద్దాం సార్, గంటలో పని, జీవితాంతం తుప్పు పట్టదు" అన్నాడు. అంటే ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులు వాడే మామూలు రాగి పైపు. తుప్పు పట్టదన్న మాట నిజమే. కానీ టైరులో మనం కొట్టించే గాలి 30 పీఎస్ఐ దగ్గర ఉంటే, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఈ సన్నపైపులో 1000 దాటుతుంది. పైగా బండి కింద పైపు ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. ఉత్త రాగి అదిరీ అదిరీ గట్టిపడి, పెళుసెక్కి, ఏదో ఒక రోజు చీలుతుంది. దానికితోడు ఏసీ వాళ్లు పైపు మూతిని ఒకే మడతతో విప్పుతారు, బ్రేకు పైపుకి రెండు మడతలు ఉండాలి. గంటలో పని అంటే టెంప్టింగ్‌గానే ఉంది గానీ, కొండ గుర్తొచ్చి బండి మళ్లీ టో చేయించుకుని గాజువాక ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి పోయాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే అసలు దొంగ దొరికింది ఇక్కడే. ర్యాంపు ఎక్కించి మేస్త్రీ టార్చి వేసి చూస్తే అడుగంతా నల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది.

"ఈ నల్ల కోటింగ్ ఎవరు కొట్టారు సార్?"

"నాలుగేళ్ల కిందట ఒక కార్ కేర్ షాపులో. తుప్పు రాదని గ్యారంటీ కార్డు కూడా ఇచ్చారు."

"గ్యారంటీ బాగానే పనిచేసింది సార్, తుప్పుకి."

స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీకితే నల్ల పొర అట్టలా లేచి వచ్చింది. దాని వెనక తడి. తడి వెనక పైపు, పురుగు తిన్న వెదురులా గుంటలు గుంటలుగా. వెనక చక్రాలకి పోయే పొడుగు పైపులు రెండూ ప్లాస్టిక్ క్లిప్పుల్లో బిగిసి ఉన్న చోట్ల వేలు పెడితే పొడి రాలింది. ఒక క్లిప్పు విప్పగానే పైపు చేతిలోకి రెండు ముక్కలై వచ్చింది. రబ్బరులాంటి ఆ పూత ఎండి ఎక్కడో సన్నగా పగులుతుంది, ఆ పగుల్లోంచి ఉప్పునీరు లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాదు. అప్పటికే తుప్పు ఉన్న బండికి, కడిగి ఆరబెట్టకుండా కొట్టారంటే ఇంక చెప్పక్కర్లేదు. నాలుగు వేలు పోసి తుప్పుకి దుప్పటి కప్పించుకున్నాను. ఆ రకం నల్ల కోటింగుకి నేనిచ్చేది సున్నా. కొత్త బండికైతే ఎలా ఉంటుందో ఆ వాదన నాకొద్దు, పాత బండికి మాత్రం వద్దే వద్దు.

ఇంక పైపుల సంగతి. జెన్ 2006లోనే ఆగిపోయింది. ముందు చక్రాల చిన్న పైపులు షాపుల్లో వెతికితే దొరికాయి, వెనక్కి పోయే పొడుగువి ఎక్కడా లేవు. పాత బండ్లు విడగొట్టే వాళ్ల దగ్గర ఉన్నాయి గానీ, ఇదే ఊళ్లో ఇదే గాలి తిన్న బండి నుంచి తీసిన పైపు కొనడం కన్నా పిచ్చి పని ఇంకోటి లేదు. అప్పుడు అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉండే మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి ఈ రోగం బాగా తెలుసు, ఎందుకంటే అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, కార్ల అడుగు అచ్చం మన బీచ్ రోడ్డు కార్లలాగే కుళ్లుతుంది. 2014లో సుబారు కంపెనీ ఇదే కారణంతో, ఉప్పు చల్లే రాష్ట్రాల్లో లక్షల కార్లని వెనక్కి పిలిచింది. 2015లో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ 2007 మోడల్, అంతకంటే పాత బండ్లున్న వాళ్లందరికీ అడుగు కడుక్కోండి, బ్రేక్ పైపులు చూపించుకోండి అని హెచ్చరిక కూడా ఇచ్చింది. మన దగ్గర కాకినాడ నుంచి భీమిలి దాకా అలాంటి హెచ్చరిక అవసరమైన బండ్లు ఎన్నో, చెప్పేవాళ్లు మాత్రం లేరు.

సంక్రాంతికి వస్తూ వాడు అక్కడ దొరికే రాగి-నికెల్ బ్రేక్ పైపు చుట్ట తెచ్చాడు. ప్రతిసారీ ఇక్కణ్ణించి ఆవకాయ, గోంగూర మోసుకుపోయే సూట్‌కేసులో ఈసారి అటు నుంచి బ్రేక్ పైపు వచ్చింది, కస్టమ్స్ వాళ్లు అదేంటని అడిగితే చెప్పలేక చచ్చాడట. పండగ దాకా రెండు నెలలు బండి షెడ్డులోనే ఉంది, నేను ఆటోల్లో తిరిగాను. 25 అడుగుల చుట్ట, పైపు లావు 3/16 అంగుళం, మన లెక్కలో 4.76 మిల్లీమీటర్లు, జెన్‌లో ఉన్నదీ అదే కొలత. దాదాపు 35 డాలర్లు అయిందన్నాడు. ఇందులో 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్, చిటికెడు ఇనుము, మాంగనీసు. చూడ్డానికి లేత గులాబీ రంగు కలిసిన వెండిలా ఉంటుంది. వోల్వో వాళ్లు 1970ల నుంచే తమ కార్లకి ఇదే లోహం వాడారు. అంతకన్నా నాకు నమ్మకం కలిగించింది మా పక్కింటి పెద్దాయన. షిప్‌యార్డులో రిటైరయ్యారు, వాకిట్లో చుట్ట చూసి కళ్లజోడు సర్దుకుని "ఇది ఓడల్లో సముద్రపు నీళ్లు తిప్పే పైపుల సరుకే కదయ్యా, కారుకి కూడా వేస్తారా" అన్నారు. సముద్రపు నీళ్లే తట్టుకునేదానికి పెదవాల్తేరు గాలి ఒక లెక్కా!

వాడకంలో దీని గొప్పదనం మొదట చేతికే తెలుస్తుంది. ఉక్కు పైపు వంచాలంటే టూల్ కావాలి, కొంచెం తేడా వస్తే నొక్కుకుపోతుంది. ఇది చేత్తోనే వంగుతుంది, మేస్త్రీ పెద్ద వంపులకి గ్రీజు డబ్బా చుట్టూ, చిన్న వంపులకి సాకెట్ చుట్టూ తిప్పి వంచేశాడు. పాత పైపు ముక్కల్ని నేల మీద వరసగా పేర్చి, వెల్డింగ్ తీగని దాని ఆకారంలో వంచి, ఆ తీగని చూసుకుంటూ కొత్తది చేశాడు. చుట్ట తిన్నగా లాగడమే కాస్త విసుగు, ఎంత లాగినా చిన్న అల మిగిలిపోతుంది, ఫ్యాక్టరీ పైపులా గీత గీసినట్టు రాదు. కంటికి అందం కావాలంటే ఇది నచ్చకపోవచ్చు. వెనక రెండు లైన్లూ, ఇరుసు మీది చిన్న ముక్కలూ పోగా జానెడు మిగిలింది.

ఒక్కచోట మాత్రం ఈ కిట్ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. చుట్టతోపాటు ఒక పొట్లంలో నట్లు కూడా వస్తాయి. అవి అమెరికన్ కొలతవి, 3/8 అంగుళం. మన మారుతి నట్లు 10 మిల్లీమీటర్లవి, మర సందు, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం, 1 మిల్లీమీటరు. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్ల పైచిలుకు, మర సందు కూడా ఇంచుమించు ఒకటే, అంచేత ఆ నట్టు మన బ్రేక్ సిలిండర్‌లో వేస్తే వదులుగా అయినా రెండు మూడు చుట్లు హాయిగా తిరుగుతుంది. పట్టిందే అనిపిస్తుంది. బిగిస్తే మర జారి సిలిండర్ పోతుంది, ఖర్మ కాలి ఆగితే రోడ్డు మీద ఊడుతుంది. మేస్త్రీ వేళ్లతో తిప్పి చూసి "ఇది ఊగుతోంది సార్" అని పక్కన పడేశాడు. సరైన నట్లు ఆటోనగర్‌లోనే కొన్నాం, అన్నీ కలిపి కారు అద్దం తుడిచే గుడ్డంత ఖరీదు కూడా లేవు. తెప్పించుకునేవాళ్లు మీ బండి నట్టు కొలత చూసుకుని ఆ కొలత నట్లున్న కిట్టే అడగండి.

పైపు మూతి విప్పే ఫ్లేరింగ్ టూల్ దగ్గర నా తెలివి ఇంకోసారి బయటపడింది. మేస్త్రీకి సాయం చేస్తున్నానన్న ఊపులో ఆన్‌లైన్‌లో ఎర్ర డబ్బాలో వచ్చే కిట్ ఒకటి తొమ్మిది వందలకి కొని పట్టుకెళ్లాను. రెండు కడ్డీల మధ్య పైపు బిగించి, పైనుంచి మర తిప్పితే మూతి విప్పుకునే రకం. పైపు బిగువుగా పట్టదు, మర తిప్పే కొద్దీ కిందకి జారుతుంది, మూతి ఓ పక్కకి ఒరిగి వస్తుంది. పది మూతులు చేస్తే ఆరు పారేశాం. అందులో ఒకటి మూతి బ్రహ్మాండంగా వచ్చింది, తీరా చూస్తే నట్టు ముందు ఎక్కించడం మర్చిపోయాను! మేస్త్రీ నవ్వలేదు, అదే పెద్ద శిక్ష. చివరికి ఆయన పక్క షెడ్డు నుంచి హైడ్రాలిక్ టూల్ అరువు తెచ్చాడు, దానితో మిగతావన్నీ ఒక్క గంటలో అయిపోయాయి.

ఆ గంట మాత్రం నేను పక్కనే కూర్చుని చూశాను. పైపుని హాక్‌సా బ్లేడుతో కాదు, చిన్న చక్రం ఉన్న కట్టర్‌తో చుట్టూ తిప్పుతూ కోశాడు. లోపలి అంచు, బయటి అంచు రెండూ ఆకురాయితో తేలిగ్గా తీసి, రజను లోపల ఉండిపోకుండా నోటితో కాకుండా గాలి గన్‌తో ఊదాడు. నట్టు ఎక్కించాడు, నా వంక ఓసారి చూశాడు. మొన మీద ఒక చుక్క బ్రేక్ ఆయిల్ వేసి మొదటి అచ్చు నొక్కితే పైపు మూతి చిన్న పుట్టగొడుగులా ఉబ్బింది. రెండో అచ్చు నొక్కితే ఆ ఉబ్బు లోపలికి మడత పడి గరాటులా తయారైంది. వెలుతురులో తిప్పి చూసి, అంచు చుట్టూ మందం ఒకేలా ఉంటేనే ఉంచాడు, చిన్న చీలిక కనిపించినా కోసేశాడు. ఆయన కూలి నాలుగు వేలు తీసుకున్నాడు, అడిగితే ఇంకో వెయ్యి ఇచ్చేవాణ్ని. టూల్ విషయంలో నా మాట ఒక్కటే: ఎర్ర డబ్బా కొనకండి, మంచి టూల్ ఉన్న మేస్త్రీని వెతుక్కోండి.

పాతవి విప్పడం అసలు పని కన్నా కష్టం. మామూలు స్పానర్ వేస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, చుట్టూ పట్టే కోత రింగ్ స్పానర్ ఉంటేనే మంచిది. వెనక ఎడమ చక్రం దగ్గర గాలి తీసే నిప్పిల్ విరిగి సిలిండర్‌లోనే ఉండిపోయింది, ఆ వీల్ సిలిండర్ కొత్తది వేయాల్సి వచ్చింది. ఇరవయ్యేళ్ల బండి ముట్టుకుంటే ఇలాంటిది ఒకటైనా ఉంటుంది, డబ్బులు దానికీ పక్కన పెట్టుకోండి.

పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గర మా ఆవిడ కూర్చుంది, మేస్త్రీ కుర్రాడు ఆ రోజు రాలేదు. "తొక్కండమ్మా... పట్టుకోండి... వదలండి" అని ఆయన కింద నుంచి అరుస్తుంటే నలభై సార్లు తొక్కి "ఏవండీ, ఇంకెన్నిసార్లు, కాలు పీకేస్తోంది" అంది. సీలు తీయని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు పట్టాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మూత తీసి ఆరు నెలలు షెల్ఫులో పెట్టిన డబ్బా పోయించుకోవద్దు, పైపు లోపలి నుంచి తుప్పు మొదలయ్యేది ఆ తేమతోనే. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి, లేదంటే రంగు లేచిపోతుంది, నా ముందు మడ్‌గార్డు మీద రూపాయి బిళ్లంత మచ్చే సాక్ష్యం. ఆఖర్న ఇంజన్ ఆన్ చేసి పెడల్ బలంగా తొక్కి నిమిషం పట్టుకుంటే, మేస్త్రీ ప్రతి జాయింటూ పాత పేపరు ముక్కతో తుడిచాడు. ఒకచోట పేపరు తడిసింది. ఆ నట్టు వదులు చేసి, బిగించి, మళ్లీ వదులు చేసి బిగిస్తే మెత్తటి మూతి సరిగ్గా కుదురుకుని ఆగిపోయింది.

ఇక తుప్పు ఆపే పూత. బావమరిది వాడే గొర్రె ఊలు జిడ్డుతో చేసిన స్ప్రే తెమ్మంటే, స్ప్రే డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరని చేతులెత్తేశాడు. ఇక్కడే దొరికే పారదర్శకమైన వ్యాక్స్ స్ప్రే తీసుకున్నాను. ఇది నాకు నచ్చడానికి పెద్ద కారణం, దాని కింద ఏముందో కనిపిస్తుంది. గట్టిపడి అట్ట కట్టదు, జిడ్డుగా పల్చగా ఉండి సందుల్లోకి పాకుతుంది. రాగి-నికెల్ పైపుకి ఇది అక్కర్లేదు గానీ, ఉక్కు నట్ల మీద, క్లిప్పుల స్క్రూల మీద, పైపు పోయే ఫ్లోరు పట్టీ మీద కొట్టాం. డిస్కు, డ్రమ్ము, రబ్బరు గొట్టాలు మాత్రం కవరు కట్టి దాచాం. లోపం ఏంటంటే దుమ్ము పట్టేస్తుంది, ఏడాది తిరక్కముందే మళ్లీ కొట్టాలి, వానాకాలంలో చక్రాల వెనక ఉన్నది మూడు నెలలకే కడుక్కుపోయింది. అయినా నాలుగు నక్షత్రాలు ఇస్తాను. మన దగ్గర చాలామంది వాడేసిన ఇంజన్ ఆయిల్ డీజిల్‌లో కలిపి అడుగున కొట్టిస్తారు, లారీల వాళ్లని చూసి. దయచేసి వద్దు, పెట్రోలియం నూనె తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బుతుంది, కింద పడింది నేలలోకి, కాలవలోకి పోతుంది.

పైపు మెత్తనిది కాబట్టి ఎక్కడా ఇనుముకి రాసుకోకూడదు. రాసుకుంటే తుప్పు లేకుండానే అరిగి చిల్లు పడుతుంది. మేస్త్రీ క్లిప్పు ఉన్న ప్రతి చోటా అద్దానికి నీళ్లు కొట్టే సన్న రబ్బరు గొట్టాన్ని నిలువుగా చీల్చి పైపుకి తొడిగి, దాని మీద క్లిప్పు వేశాడు. పది రూపాయల పని, ఇంత ఖరీదు చుట్ట కొన్న నాకు తట్టలేదు.

ఏడాదిన్నర అయింది, రెండు వానాకాలాలు దాటాయి. నెలకోసారి మంచినీళ్లతో అడుగు కడిగిస్తున్నా. మొన్న ర్యాంపు ఎక్కించి చూస్తే రాగి-నికెల్ పైపు రంగు కాస్త మాసి గోధుమ రంగుకి తిరిగింది, అంతే, గోరుతో గీస్తే లోపల మెరుస్తోంది. పక్కనే పెట్రోలు పైపు మీద కొత్తగా ఎర్ర చుక్కలు రెండు కనిపించాయి, ఆ గాలి తన పని తాను చేస్తూనే ఉంది. డబ్బాలో మట్టం పై గీత దగ్గరే ఉంది. పెడల్ ఇప్పుడు పైనే గట్టిగా ఆగుతుంది, మొదటి వారం అలవాటు లేక ప్రతి సిగ్నల్ దగ్గరా ముందుకి ఊగేవాళ్లం. చుట్టకి నా మార్కులు అయిదుకి నాలుగున్నర, ఆ సగం కోసింది నట్ల పొట్లం వల్ల.

ఒక పని మిగిలింది. ముందు కుడివైపు పైపు అప్పట్లో బాగానే ఉందని వదిలేశాం, ఇప్పుడు దాని మీద కూడా నట్టు దగ్గర పూత ఉబ్బుతోంది. బావమరిది ఈ సంక్రాంతికి కూడా వస్తున్నాడు. ఈసారి రెండు చుట్టలు చెప్పాను, రెండోది మా మేస్త్రీకి.